డాన్ స్టేలీ: ఆడుతూ ఆడుతూనే కాలేజీ కోచ్ అయిన పాయింట్ గార్డ్

పాయింట్‌గార్డ్_7:
అందరికీ నమస్తే. మన దగ్గర బాస్కెట్‌బాల్ మాట వస్తే ఎన్‌బీఏలో మొదలై ఎన్‌బీఏలోనే ఆగిపోతుంది, అందుకే ఈ థ్రెడ్ పెడుతున్నా. డాన్ స్టేలీ గురించి మాట్లాడుకుందాం. సౌత్ కరోలినా యూనివర్సిటీ అమ్మాయిల టీం కోచ్, 2017, 2022, 2024లో మూడు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీల జాతీయ పోటీ) టైటిళ్ళు, ఇదంతా ఆట ఫాలో అయ్యేవాళ్ళకి తెలిసిందే. నేను చెప్పాలనుకుంటున్నది దానికి ముందు సంగతి.

2000లో ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ ఆమెని హెడ్ కోచ్‌గా తీసుకుంది. అప్పటికి ఇంకా ముప్పై నిండలేదు, ఎక్కడా అసిస్టెంట్‌గా కూడా చెయ్యలేదు, షార్లెట్ స్టింగ్ అనే డబ్ల్యూఎన్‌బీఏ (అమెరికా ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్) టీంలో మెయిన్ పాయింట్ గార్డ్, అంటే బాల్ పట్టుకుని కోర్టు మీద ఆట నడిపించే ప్లేయర్. ఉద్యోగం ఒప్పుకుని ఆ వేసవి డబ్ల్యూఎన్‌బీఏ సీజన్ ఆడింది, సెప్టెంబర్‌లో సిడ్నీ వెళ్ళి ఒలింపిక్ గోల్డ్ కొట్టింది, వచ్చీ రాగానే కాలేజీ సీజన్‌కి టెంపుల్ బెంచ్ ముందు నిలబడింది. 2006లో ఆట మానేసే దాకా ఇదే వరస, వేసవంతా ప్లేయర్, చలికాలమంతా కోచ్.

చాలామంది దీన్ని ఒక వింత విషయంలా చెప్పి వదిలేస్తారు. నేనైతే ఆమె కోచింగ్ మొత్తానికి పునాది ఆ ఆరేళ్ళే అంటాను. పెద్ద పెద్ద ప్లేయర్లు కాలేజీ కోచ్‌లుగా వచ్చి చేతులెత్తేశారు కదా, ఈమె ఎందుకు నిలబడిందో మీ అభిప్రాయాలు చెప్పండి.

ఓరుగల్లు_పోరడు:
మంచి టాపిక్ తీసినవ్ అన్నా. చేతులెత్తేసినోళ్ళ లిస్టు నేను చెప్త. పాట్రిక్ ఎవింగ్ జార్జ్‌టౌన్‌ల ఆరు సీజన్లు చేసిండు, 75 గెలుపులు 109 ఓటములు. క్రిస్ మల్లిన్ సెయింట్ జాన్స్‌ల 59-73. క్లైడ్ డ్రెక్స్‌లర్ హ్యూస్టన్‌ల రెండే సీజన్లు, 19-39. ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్ ప్లేయర్లే, ముగ్గురూ పోయింది వాళ్ళు చదువుకున్న కాలేజీలకే, ఊరు ఊరంతా సంబురపడ్డది, చివరికి ఏమైంది? నా లెక్క ప్రకారం పుట్టుకతో ఆట వచ్చినోడికి రానోడి కష్టం సమజ్ కాదు. ఏడడుగుల ఎవింగ్ బాస్కెట్ కింద నిలబడి చేసే పని పద్దెనిమిదేళ్ళ పిల్లగాడికి ఎట్ల చెప్పి నేర్పిస్తడు?

బెజవాడ_బాస్కెట్:
ఎవింగ్ విషయంలో ఒకటి కలపాలి బ్రో. ఆయన కోచింగ్ తెలియకుండా రాలేదు, ఎన్‌బీఏలో పదేళ్ళకి పైగా అసిస్టెంట్‌గా చేసే వచ్చాడు, 2021లో బిగ్ ఈస్ట్ (జార్జ్‌టౌన్ ఆడే కాలేజీల గ్రూపు) టోర్నమెంట్ కూడా గెలిచాడు. కాబట్టి అనుభవం లేకపోవడం అనే కారణం నిలబడదు. కాలేజీలో సగం పని రిక్రూటింగ్. పదహారు పదిహేడేళ్ళ పిల్లల ఇళ్ళకి వెళ్ళి సోఫాలో కూర్చుని వాళ్ళ అమ్మానాన్నలని ఒప్పించాలి, చదువు చూసుకోవాలి, నాలుగేళ్ళకోసారి టీం అంతా వెళ్ళిపోతే మళ్ళీ మొదట్నుంచి కట్టాలి. ఎన్‌బీఏ బెంచ్ మీద ఎన్నేళ్ళు కూర్చున్నా ఇది రాదు.

పీడీ_మాస్టారు:
ఆ ముగ్గురు పేర్లూ ఒకే చోట చూడగానే ఒకటి తట్టింది. ఎవింగ్, మల్లిన్, డ్రెక్స్‌లర్ ముగ్గురూ 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కి వెళ్ళిన అమెరికా స్టార్ల టీం, డ్రీమ్ టీం వాళ్ళు. అదే ఒలింపిక్స్‌కి అమ్మాయిల టీం సెలక్షన్స్‌లో స్టేలీని తీసేశారు. అంతర్జాతీయ మ్యాచుల అనుభవం లేదన్నారు. ఆవిడ ఎత్తు అయిదు అడుగుల ఆరు అంగుళాలు, అది కూడా అందరి మనసులో ఉండే ఉంటుంది. అప్పటికే వరసగా రెండేళ్ళు, 1991లోనూ 1992లోనూ, దేశం మొత్తానికి బెస్ట్ కాలేజీ ప్లేయర్ అవార్డు తీసుకున్న పిల్ల!

ఆ దెబ్బకి ఆవిడ చేసిన పని చూడండి. అప్పట్లో అమెరికాలో ఆడవాళ్ళకి ప్రొఫెషనల్ లీగే లేదు, కాలేజీ అయిపోతే ఆట అయిపోయినట్టే. పెట్టె సర్దుకుని ఫ్రాన్స్, ఇటలీ, బ్రెజిల్, స్పెయిన్ తిరిగి ఆడింది. భాష రాదు, తిండి పడదు, ఎవరూ తెలియదు. లేదన్న అనుభవాన్ని అలా సంపాదించుకుని 1996 అట్లాంటా టీంలోకి వచ్చింది. నలభై ఏళ్ళు పిల్లలకి ఆట నేర్పినవాడిగా చెప్తున్నాను, సెలక్షన్‌లో పేరు రాని పిల్లతో ఆ సాయంత్రం ఏం మాట్లాడాలో తెలిసిన కోచ్ దొరకడం చాలా కష్టం.

చిన్నక్క:
అందరికీ హాయ్, నేను హైదరాబాద్‌లో డిగ్రీ సెకండియర్, కాలేజీ టీంలో గార్డ్ ఆడతాను. స్టేలీని రీల్స్‌లో కోచ్‌గానే చూశా, ప్లేయర్‌గా ఎలా ఉండేదో ఎవరైనా చెప్తారా? పాత వీడియోలు చాలా తక్కువ దొరుకుతున్నాయి.

ఫిల్లీ_తెలుగు:
చెప్తా చెల్లీ, మా ఊరి మనిషి కాబట్టి ఇది నేనే చెప్పాలి. నేను ఫిలడెల్ఫియా వచ్చి చాలా ఏళ్ళైంది, టెంపుల్ ఉన్న నార్త్ ఫిల్లీ వైపే ఉద్యోగం. స్టేలీ పెరిగింది అక్కడికి దగ్గర్లోనే, రేమండ్ రోజెన్ అని గవర్నమెంటు పేదలకి కట్టించిన ఇళ్ళ కాలనీలో. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది. అమ్మ పేరు ఎస్టెల్, పిల్లల్ని గీత దాటనిచ్చేది కాదంటారు. డాన్ మగపిల్లలతోనే ఆడేది, ఆడనివ్వకపోతే బాల్ తనదే తెచ్చుకునేది. డాబిన్స్ టెక్ హైస్కూల్, అక్కడ్నుంచి స్కాలర్‌షిప్ మీద వర్జీనియా యూనివర్సిటీ.

ఆట సంగతికొస్తే ఆమె స్పీడు ఒక ఎత్తు, చూపు ఒక ఎత్తు. తను ఒకవైపు చూస్తూ ఇంకోవైపు పాస్ ఇచ్చేది. నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది ఆమె మణికట్టుకి ఉండే రబ్బర్ బ్యాండు. మామూలు ఆఫీసు రబ్బర్ బ్యాండే. బాల్ పోగొట్టినా, తప్పు పాస్ ఇచ్చినా దాన్ని లాగి చుర్రుమనేలా వదిలేది, చర్మం మీద తగిలేలా, వెంటనే డిఫెన్స్‌కి పరిగెత్తేది. అరుపుల్లేవు, రెఫరీ మీద చేతులు ఊపడాల్లేవు. తప్పుకి శిక్ష అక్కడికక్కడే వేసుకుని మర్చిపోవడం అన్నమాట.

చిన్నక్క:
రబ్బర్ బ్యాండ్ సంగతి నాకు తెలియనే తెలియదు అన్నా!! నేను ఒక టర్నోవర్ చేస్తే క్వార్టర్ అయ్యేదాకా దాని గురించే ఆలోచిస్తా, మా పీడీ మేడం రోజూ అదే చెప్తుంది. థాంక్యూ.

షార్లెట్_అమ్మ:
మీ థ్రెడ్ చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. మేము షార్లెట్‌లో ఉంటాం, స్టింగ్ టీం ఉన్న రోజులు నాకు బాగా గుర్తు. ఆ టీం ఇప్పుడు లేదు, కొత్తగా వచ్చినవాళ్ళకి అలాంటిది ఒకటుండేదని కూడా తెలియదు. 2001 సీజన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఆ ఏడాది స్టింగ్ మొదటి పదకొండు మ్యాచుల్లో ఒకటే గెలిచింది. ఒకటి. హాల్లో జనం పలచబడిపోయారు. అలాంటి టీం సీజన్ అయ్యేసరికి 18-14కి వచ్చి, ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్‌ని కొట్టి న్యూయార్క్‌ని కొట్టి ఫైనల్‌కి వెళ్ళింది. అక్కడ లాస్ ఏంజెలెస్ చేతిలో ఓడిపోయారులెండి, కానీ ఆ వేసవంతా మేము వేరే మాట మాట్లాడుకోలేదు. యాన్ డొనొవన్ కోచ్, కోర్టు మీద నడిపించింది స్టేలీ. టైమౌట్‌లో డొనొవన్ చెప్పడం అయిపోయాక స్టేలీ ఇద్దరు ముగ్గుర్ని పక్కకి లాగి మళ్ళీ ఏదో చెప్పడం నేను చూశాను, మాకు వినపడేది కాదు, కానీ వాళ్ళు తలలూపడం కనపడేది. అప్పటికే ఆమె టెంపుల్‌లో ఒక సీజన్ కోచింగ్ చేసొచ్చింది కదా.

పాయింట్‌గార్డ్_7:
అక్కా, నేను థ్రెడ్ పెట్టిందే దీనికోసం! 1-10 దగ్గర డీలా పడ్డ టీంని ఎలా లేపాలో ఆమె వేసవిలో ప్లేయర్‌గా చూసింది, చలికాలం టెంపుల్ పిల్లల దగ్గర అదే పని చేసింది. ఒక కోచ్ మాటలు వినే చెవి, ఒక టీంకి చెప్పే నోరు రెండూ ఒకే ఏడాదిలో వాడింది. ఎవింగ్ వాళ్ళకి ఆట ఆపేసిన తర్వాత చాలా ఏళ్ళకి కాలేజీ పిల్లలు దొరికారు, ఈమెకి ఆ గ్యాప్ లేదు.

బెజవాడ_బాస్కెట్:
నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోకండి. టెంపుల్‌లో ఎనిమిదేళ్ళు చేసి నేషనల్ లెవెల్లో ఏం గెలిచింది? పేరొచ్చింది సౌత్ కరోలినా వెళ్ళాక. అక్కడ డబ్బుంది, ఎస్‌ఈసీ లాంటి పెద్ద కాన్ఫరెన్స్ (ఒకదానితో ఒకటి ఆడే కాలేజీల గ్రూపు) ఉంది, పైగా ఏజా విల్సన్ లాంటి ప్లేయర్ యూనివర్సిటీకి కూతవేటు దూరంలో పుట్టి పెరిగింది. ఆ అమ్మాయి వేరే చోటికి వెళ్ళుంటే 2017 టైటిల్ ఎక్కడిది? కోచ్ గొప్పతనం ఎంత, కాలం కలిసిరావడం ఎంత అని అడుగుతున్నా, అంతే.

ఫిల్లీ_తెలుగు:
టెంపుల్ గురించి అలా తీసిపారెయ్యకు తమ్ముడూ. ఆమె వచ్చేటప్పటికి ఆ టీం ఏళ్ళ తరబడి ఓడిపోతూ ఉంది, ఊళ్ళో ఎవరికీ పట్టేది కాదు. ఎనిమిదేళ్ళలో 172 గెలుపులు, 80 ఓటములు, ఆరుసార్లు ఎన్‌సీఏఏ టోర్నమెంట్. 2004 వేసవి చూడు. ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్ ఓపెనింగ్‌లో అమెరికా జెండా పట్టుకుని మొత్తం టీం ముందు నడిచింది, మూడో గోల్డ్ తీసుకుంది, తిరిగొచ్చి ఆ చలికాలం టెంపుల్‌ని 28-4తో నిలబెట్టింది, కాన్ఫరెన్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ టీంలో ఆడిన క్యాండిస్ డుప్రీ 2006 డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (టీంలు కొత్త ప్లేయర్లని వరసగా ఎంచుకునే చోట) ఆరో నంబర్‌కి వెళ్ళింది, తర్వాత తనూ కాలేజీ కోచ్ అయింది. పెద్ద కాలేజీలు పట్టించుకోని పిల్లల్ని తెచ్చి ఇంత చెయ్యడం నాకైతే 2017 కంటే తక్కువ పని కాదు.

ఓరుగల్లు_పోరడు:
నేను ముందుగాల పుట్టుకతో వచ్చిన ఆట అన్న గదా, ఈ లెక్క ప్రకారం స్టేలీకి అది వర్తించదు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి ప్రతి ఒక్కటీ ఆలోచించి నేర్చుకోవాల్సిందే. ఎవరు ఎక్కడ నిలబడ్డరు, ఎవరికి అలసట వచ్చింది, ఎవరికి బాల్ ఇస్తే కోపం దిగుతది, పాయింట్ గార్డ్ ఇవన్నీ చూసుకుంటనే ఉండాలె. ఆట బంద్ జేసినాక కోచ్ అయితే కొత్తగా నేర్చుకునేది తక్కువే ఉంటది.

పీడీ_మాస్టారు:
బాగా చెప్పావు నాయనా. పెళ్ళిలో వడ్డన చూసుకునే పెద్దమనిషి తను తినకుండా ఏ విస్తట్లో ఏం అయిపోయిందో చూసుకుంటూ తిరుగుతాడే, పాయింట్ గార్డ్ పని అది. ఫ్రెడ్ హాయ్‌బర్గ్ లాంటి వాళ్ళు కూడా ఆ కోవలోకే వస్తారు, పెద్ద స్టార్ కాదు, షూటింగ్ గార్డ్, అయోవా స్టేట్‌లో కోచ్‌గా 115-56. స్టార్ అయ్యి కూడా వడ్డించే బుద్ధి ఉన్నవాళ్ళు అరుదు.

బెజవాడ_బాస్కెట్ గారికి ఏజా విల్సన్ విషయంలో జవాబు: ఆ అమ్మాయి వచ్చింది 2014లో. స్టేలీ వచ్చింది 2008లో. మధ్యలో ఏం జరిగిందో అది చూడాలి. మొదటి సీజన్ 10-18. కాన్ఫరెన్స్‌లో రెండే గెలుపులు. రెండో సీజన్ 14-15, మూడోది 18-15. నాలుగో ఏడు 25-10, అప్పటికి గానీ స్వీట్ సిక్స్‌టీన్ (ఎన్‌సీఏఏలో ఆఖరి పదహారు టీంలు) దాకా రాలేదు. ఆవిడ జీవితంలో అంతవరకు హైస్కూల్లో గాని వర్జీనియాలో గాని ఒలింపిక్స్‌లో గాని ఇన్ని ఓటములు ఎరగదు. టెంపుల్‌లో హాయిగా గెలుస్తున్న కోచ్ ఆ ఉద్యోగం వదిలి ఇక్కడికొచ్చి పద్దెనిమిది సార్లు ఓడిపోయి కూడా అక్కడే ఉండడం, అది చిన్న సంగతా?

షార్లెట్_అమ్మ:
మాస్టారూ, దానికి నేనొకటి కలుపుతాను. విల్సన్ కంటే ముందు టిఫనీ మిచెల్ అని మా షార్లెట్ పిల్లే సౌత్ కరోలినాకి వెళ్ళింది. 2014లో, 2015లో ఎస్‌ఈసీ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ ఆ పిల్లే. విల్సన్‌ని అప్పుడు కనెక్టికట్, టెనెసీ లాంటి వాళ్ళందరూ అడిగారు. ఇంటి పక్కన ఉంది కదా అని వచ్చెయ్యలేదు, పక్కన గెలిచే టీం ఉంది కాబట్టి వచ్చింది. ఊళ్ళో పుట్టిన మంచి ప్లేయర్లు ఊరు వదిలి వెళ్ళిపోవడమే మామూలు. ఇప్పుడు కొలంబియాలో ఆ యూనివర్సిటీ ఎరీనా బయట విల్సన్ విగ్రహం ఉంది, 2025లో అదే ఊళ్ళో స్టేలీ విగ్రహం కూడా పెట్టారు.

మేము కొలంబియా వెళ్ళి మ్యాచులు చూస్తుంటాం, కారులో గంటన్నర పైన పడుతుంది. పద్దెనిమిది వేలమంది పట్టే ఎరీనా. మా ముందు వరసలో డెబ్బై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటారు, ఒకామె తెల్లామె, ఒకామె నల్లామె, ఇద్దరూ మెరూన్ రంగు స్వెటర్లు, ఫ్రీ త్రో వేసేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. సీజన్ టికెట్లు పక్కపక్కన వచ్చాక పరిచయమట. మా అమ్మాయికి ప్రతిసారీ పిప్పరమెంట్లు ఇస్తారు. సౌత్ కరోలినా లాంటి రాష్ట్రంలో ఒక తెల్లామె, ఒక నల్లామె అలా చెయ్యి పట్టుకుని కూర్చోవడం ఎంత పెద్ద మాటో అక్కడ ఉంటే తెలుస్తుంది. 2014-15 నుంచి ఎన్నో ఏళ్ళు వరసగా దేశంలో అమ్మాయిల మ్యాచులకి ఎక్కువ జనం వచ్చింది ఇక్కడికే.

బెజవాడ_బాస్కెట్:
సరే అక్కా, 10-18 లెక్క చూశాక ఏజా విల్సన్ పాయింట్ అంత బలంగా లేదని ఒప్పుకోవాల్సిందే. కాలం కలిసొచ్చిందని అనుకున్నా, కలిసొచ్చేదాకా ఆగడం కూడా ఉందన్నమాట.

చిన్నక్క:
ఓడిపోయిన మ్యాచుల గురించి కూడా చెప్పండి ప్లీజ్, గెలిచినవి ఎలాగూ యూట్యూబ్‌లో ఉన్నాయి.

పీడీ_మాస్టారు:
అమ్మా, నువ్వడిగినదానికి నా దగ్గర ఒక కథ ఉంది, కల్పించింది కాదు, స్కోర్లు తీసి చూసుకో.

1991 ఫైనల్, వర్జీనియా మీద టెనెసీ, ఓవర్‌టైమ్‌లో 70-67తో టెనెసీ గెలిచింది. స్టేలీ 28 పాయింట్లు కొట్టింది. ఓడిపోయిన టీంలో ఉండి కూడా ఆ టోర్నమెంట్ బెస్ట్ ప్లేయర్ అవార్డు ఆవిడకే ఇచ్చారు. కప్పు వాళ్ళకి, బొమ్మ ఈవిడకి. మర్నాటి ఏడాది, 1992 సెమీస్‌లో స్టాన్‌ఫర్డ్ చేతిలో 66-65. ఒక్క పాయింటు. కాలేజీ ప్లేయర్‌గా మూడు ఫైనల్ ఫోర్లు (ఆఖరి నాలుగు టీంల దశ), ఒక్క టైటిల్ లేదు.

కోచ్‌గా మొదటి ఫైనల్ ఫోర్ 2015. నోట్రడామ్ చేతిలో 66-65. 2021 సెమీస్, మళ్ళీ స్టాన్‌ఫర్డ్, మళ్ళీ 66-65. ఆఖరి క్షణాల్లో దగ్గర్నుంచి వేసిన బాల్ పడలేదు, రీబౌండ్ పట్టి అలియా బోస్టన్ వేసింది కూడా పడలేదు. మూడు ఫైనల్ ఫోర్ సెమీస్, మూడూ అదే స్కోరు. స్టాన్‌ఫర్డ్ కోచ్ ఎవరనుకున్నావు? 1992లోనూ 2021లోనూ ఒకావిడే, టారా వాండర్‌వీర్. మధ్యలో 1996 ఒలింపిక్ టీంకి కూడా కోచ్ ఆవిడే. ఒలింపిక్స్ ముందు ఏడాది ఆ టీంని దేశదేశాలు తిప్పి 52 మ్యాచులు ఆడించి 52 గెలిపించి, అట్లాంటాలో ఎనిమిదికి ఎనిమిది గెలిపించింది. స్టేలీ ఆ టీం గార్డ్. అంటే తనని ఓడించినావిడ దగ్గరే క్రమశిక్షణ నేర్చుకుని, కోచ్ అయ్యాక మళ్ళీ ఆవిడ చేతిలోనే ఒక్క పాయింటు తేడాతో ఓడింది.

ఇప్పుడు 2021 తర్వాత ఏడాది చూడు. ఆ ఆఖరి బాల్ పడని బోస్టనే 2022లో టైటిల్ గెలిచి బెస్ట్ ప్లేయర్ అయింది. ఫైనల్‌లో కనెక్టికట్ మీద 64-49. కనెక్టికట్ కోచ్ జీనో ఆరియెమా అంతకు ముందు పదకొండు ఫైనల్స్ ఆడి పదకొండూ గెలిచినవాడు.

పాయింట్‌గార్డ్_7:
మాస్టారూ, మూడు సార్లు 66-65 సంగతి నాకు తెలియదు, ఒళ్ళు జలదరించింది. 2023-24 కూడా ఇదే కథ. 2023లో 36-0తో వచ్చి సెమీస్‌లో అయోవా చేతిలో 77-73, అయోవా స్టార్ కెయిట్లిన్ క్లార్క్ 41 పాయింట్లు. ఆ మ్యాచ్‌లో క్లార్క్ సౌత్ కరోలినా గార్డ్ రేవెన్ జాన్సన్‌ని త్రీ పాయింట్ లైన్ దగ్గర ఒంటరిగా వదిలేసి, వేసుకో పో అన్నట్టు చెయ్యి విసిరింది. ఆ క్లిప్ దేశమంతా తిరిగింది. ఆ అమ్మాయి ఆట మానేద్దామా అనుకుందట. వేరే కోచ్ అయితే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ప్లేయర్ల లిస్టు) లోంచి ఇంకో గార్డ్‌ని తెచ్చుకునేవాడేమో. స్టేలీ ఆ పిల్లకే టీం అప్పజెప్పింది. అయిదుగురు స్టార్టర్లూ వెళ్ళిపోయిన టీం అది, 2024లో 38-0. ఫైనల్ మళ్ళీ అయోవా మీదే. క్లార్క్ మొదటి క్వార్టర్‌లోనే 18 కొట్టింది, తర్వాత మూడు క్వార్టర్లు కలిపి 12. ఫస్ట్ హాఫ్ చివర్లో జాన్సన్ క్లార్క్ చేతిలోంచి బాల్ లాక్కుని వెళ్ళి లేఅప్ వేసింది, అది చూడాలి మీరు. 87-75. బెంచ్ మీద నుంచి వచ్చిన వాళ్ళ పాయింట్లు సౌత్ కరోలినాకి 37, అయోవాకి సున్నా.

2022 టైటిల్ సీజన్ నుంచి 2024 దాకా మూడు సీజన్లు కలిపి 109 గెలుపులు, 3 ఓటములు.

ఓరుగల్లు_పోరడు:
37-0 బెంచ్ అంటే కోచ్ రిజల్ట్ అదే అన్నా. స్టార్లను ఎవరైనా ఆడిస్తరు, ఎనిమిదో తొమ్మిదో పిల్లను ఫైనల్ల ఆడెటట్టు తయారు చేసుడే పని.

ఫిల్లీ_తెలుగు:
అసిస్టెంట్ల గురించి ఎవరూ రాయలేదు, అది కూడా ఆమె తెలివే. లీసా బోయర్ అని ఒకావిడ ఉంది. 90లలో ఏబీఎల్ అని డబ్ల్యూఎన్‌బీఏకి పోటీగా ఒక లీగ్ ఉండేది, అందులో స్టేలీ ఆడిన రేజ్ టీంకి కోచ్ ఈవిడే. తర్వాత స్టేలీ కోచ్ అయ్యాక బోయర్ ఆమె దగ్గర అసిస్టెంట్‌గా చేరింది, టెంపుల్‌లోనూ సౌత్ కరోలినాలోనూ. తనకి కోచింగ్ ఇచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పని చెయ్యడం ఇద్దరికీ అంత సులువు కాదు. బోయర్ 2001-02లో ఎన్‌బీఏ క్లీవ్‌లాండ్ టీం స్టాఫ్‌లో కూడా చేసింది, అప్పటికి ఆడవాళ్ళెవరూ అలా చెయ్యలేదు. ఇంకొకరు నికీ మెక్రే, 1996, 2000 ఒలింపిక్స్‌లో స్టేలీతో ఆడిన ఫ్రెండ్, 2017 టైటిల్ దాకా అక్కడే ఉంది. 2023లో చనిపోయింది, చాలా చిన్న వయసు.

షార్లెట్_అమ్మ:
నికీ మెక్రే పేరు చూడగానే మనసు బరువెక్కింది.

నెట్ ముక్కల సంగతి కూడా రాయాలి. ఛాంపియన్‌షిప్ గెలిస్తే బాస్కెట్ నెట్ కత్తిరించి పంచుకోవడం అక్కడ ఆనవాయితీ. కారొలిన్ పెక్ 1999లో పర్డ్యూ కోచ్‌గా టైటిల్ గెలిచింది, ఆ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి మహిళా కోచ్. ఆమె తన నెట్‌లో ముక్క ఒకటి 2015లో స్టేలీకి ఇచ్చి నువ్వు గెలిచాక తిరిగిచ్చెయ్ అంది. 2017లో గెలిచాక స్టేలీ అది తిరిగిచ్చేసి, తన నెట్‌ని చిన్న చిన్న ముక్కలు చేసి 2021లో దేశంలో డివిజన్ వన్ (కాలేజీ ఆటలో పై స్థాయి) హెడ్ కోచ్‌లుగా ఉన్న నల్లజాతి ఆడవాళ్ళందరికీ పోస్టులో పంపింది. అదే 2021 ఫైనల్ ఫోర్‌లో స్టేలీ, అరిజోనా కోచ్ ఆడియా బార్న్స్ ఇద్దరూ ఉన్నారు, ఇద్దరు నల్లజాతి మహిళా హెడ్ కోచ్‌లు ఒకేసారి అక్కడిదాకా రావడం అదే మొదలు. బార్న్స్ కూడా డబ్ల్యూఎన్‌బీఏ ప్లేయరే.

బెజవాడ_బాస్కెట్:
డబ్బు విషయం ఎవరూ ఎత్తట్లేదు. 2021లో ఏడేళ్ళకి 22.4 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు, 2025లో ఏడాదికి 4 మిలియన్లకి పెంచారు. 2021లో ఆమె పట్టుబట్టింది మగవాళ్ళ టీం కోచ్‌తో సమానంగా ఇవ్వమని. ఈ విషయంలో నాకు ఏ అడ్డం మాటా లేదు, ఎరీనా నింపేది ఆమె టీం, కప్పులు తెచ్చేది ఆమె టీం.

ఇంకో ప్రశ్న. 2025లో ఎన్‌బీఏ టీం న్యూయార్క్ నిక్స్ వాళ్ళు హెడ్ కోచ్ ఇంటర్వ్యూకి పిలిచారు, చివరికి మైక్ బ్రౌన్‌ని తీసుకున్నారు. ఇచ్చుంటే వెళ్ళేదాన్నని ఆమే చెప్పింది. వెళ్ళుంటే బావుండేదా?

ఓరుగల్లు_పోరడు:
నేనైతే పోవాలె అంట. ఎన్‌బీఏల ఇంతవరకు ఆడామె హెడ్ కోచ్ కాలే, మొదలుపెడితే ఇట్లాంటామెతోనే మొదలుపెట్టాలె. ఒలింపిక్స్‌ల టోక్యో టీంకి హెడ్ కోచ్‌గ గోల్డ్ తెచ్చింది, అందులో ఉన్నోళ్ళంతా ప్రొఫెషనల్సే గదా. పెద్దోళ్ళను సంభాళించుడు రాదు అనేటోళ్ళకు అదే జవాబు.

షార్లెట్_అమ్మ:
నేను ఒప్పుకోను. ఎన్‌బీఏ గొప్ప, కాలేజీ తక్కువ అనే లెక్క ఎందుకు? అక్కడికి వెళ్తే ఒక ఏడాది ఓడిపోగానే తీసేస్తారు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అదే ఉదాహరణ చెప్తారు. ఇక్కడ ఏటా పన్నెండు పదమూడు మంది ఆడపిల్లలు ఆమె చేతిలో పెరుగుతున్నారు.

పీడీ_మాస్టారు:
మీరిద్దరూ చెప్పింది నిజమే గాని నా బాధ వేరే ఉంది. మన దగ్గర బాగా ఆడిన ఆడపిల్లకి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు, నేనూ అనుకున్నాను, అది తప్పు కాదు, పొట్ట గడవాలి. కోచ్ అవ్వాలంటే పటియాలా వెళ్ళి ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) కోచింగ్ డిప్లొమా చెయ్యాలి, అప్పటికి పెళ్ళో, పిల్లలో, ట్రాన్స్‌ఫరో. ఆడే వయసులోనే జూనియర్లకి నేర్పే పని ఆ పిల్ల చేతిలో పెడితే ఎలా ఉంటుందని మనవాళ్ళు ఆలోచించరు. స్టేలీకి టెంపుల్ ఇచ్చిన అవకాశం అదే. జిల్లా టీంకి ఆడే అమ్మాయికి అండర్ ఫోర్టీన్ పిల్లల్ని అప్పజెప్పి చూడండి, రెండు సీజన్లలో ఆ అమ్మాయి ఆటే మారిపోతుంది. నేను చేసి చూశాను.

చిన్నక్క:
మాస్టారూ, నిజంగానా? మా కాలేజీ పక్కన స్కూల్లో పిల్లలకి ఆదివారాలు నేర్పమని మా పీడీ మేడం అడిగింది, నా ప్రాక్టీస్ పోతుందేమోనని ఏం చెప్పకుండా ఉన్నా.

పీడీ_మాస్టారు:
ఒప్పుకో అమ్మా. చెస్ట్ పాస్ ఎందుకు తప్పు పడుతోందో పదేళ్ళ పిల్లకి మాటల్లో చెప్పడానికి కూర్చుంటే నీ పాస్‌లో లోపం నీకే కనపడుతుంది. మొదటి రోజు డ్రిబ్లింగ్ పెట్టకు, పాసులే పెట్టు, ఒక్కొక్కళ్ళకీ బాల్ రావాలి.

పాయింట్‌గార్డ్_7:
చిన్నక్కా, మ్యాచులు ఏవి చూడాలంటే నా వరస ఇది: 1991 వర్జీనియా టెనెసీ ఫైనల్ దొరికితే ముందు అది, తర్వాత 2015 నోట్రడామ్ సెమీస్, తర్వాత 2024 ఫైనల్. 2025 ఫైనల్ కూడా చూడు, కనెక్టికట్ చేతిలో 82-59, ఘోరంగా ఓడిపోయారు. ఆ మ్యాచ్‌లో ఆఖరి క్వార్టర్ ఆమె బెంచ్ దగ్గర ఏం చేస్తోందో గమనించు, కెమెరా వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉంటుంది.

ఓరుగల్లు_పోరడు:
అన్నా, డ్యూక్ కోచ్ కారా లాసన్ గురించి కూడా ఒక థ్రెడ్ పెట్టు. ఆమె కూడా డబ్ల్యూఎన్‌బీఏ ప్లేయరే, 2008ల ఒలింపిక్ గోల్డ్ ఉన్నది, పైగా మధ్యల బోస్టన్ సెల్టిక్స్‌ల అసిస్టెంట్‌గ చేసొచ్చింది. స్టేలీ తోవకు ఉల్టా తోవ అది, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలె.

పాయింట్‌గార్డ్_7:
పెడతా తమ్ముడూ, ఈ ఆదివారం. ఫిల్లీ అన్నా, టెంపుల్ రోజుల ఫోటోలు గాని పాత పేపర్ కటింగులు గాని ఉంటే ఇక్కడే పెట్టు, 2004-05 సీజన్‌వి అయితే ఇంకా మంచిది.